మోకాలి మార్పిడి: కోతకు ముందే ఎక్కాల్సిన మందు, మర్నాటికే ఆగాల్సిన మందు

"సిస్టరమ్మా, ఆపరేషన్ అయినంక ఎన్ని రోజులు గోలీలు ఇస్తరు?"

మోకాలి చిప్పల మార్పిడికి వచ్చిన కుటుంబాల్లో ఈ మాట అడగని వాళ్లు ఉండరు. జనగామ నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా, జగిత్యాల వైపు ఏళ్ల తరబడి కూర్చుని బీడీలు చుట్టి కీళ్లు అరిగిపోయిన తల్లిని కూతురు తీసుకొచ్చినా అదే ప్రశ్న. చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్ మందు ఎన్ని ఎక్కువ రోజులు పడితే అంత భద్రమని వాళ్ల నమ్మకం. "ఆపరేషన్‌కు ముందు ఏ సూది ఇస్తరు, ఎన్ని గంటలకు ఇస్తరు?" అని అడిగినవాళ్లు మాత్రం ఇన్నేళ్లలో ఇద్దరో ముగ్గురో. అసలు అడగాల్సింది ఆ ప్రశ్నే.

నేను హన్మకొండలో ఆపరేషన్ థియేటర్ నర్సును. ఉద్యోగంలో ఇరవై రెండేళ్లు గడిచాయి. కింద రాసినవన్నీ రోగి ఇంటివాళ్ల కోసం. మందుల పేర్లు, మోతాదులు కూడా ఇచ్చాను. అవి మీ అంతట మీరు వాడుకోవడానికి కాదు, సర్జన్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఆయన చెప్పింది ఏమిటో అర్థం కావడానికి.

పాచి పట్టిన మెట్టు

చేతికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గోలీలు వేసుకుంటే తగ్గిపోతుంది. మార్చిన మోకాలిలో చీము పడితే అలా తగ్గదు. కారణం లోపల ఉన్న లోహం, ప్లాస్టిక్. మన ఒంట్లో ఎక్కడైనా రక్తం పారుతుంది, రక్తంతో పాటు మందూ, సూక్ష్మజీవులను తినే తెల్లకణాలూ చేరతాయి. లోహానికి రక్తం ఎక్కడిది? దాని మీద వాలిన బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దాన్ని బయోఫిల్మ్ అంటారు. పాత బావి మెట్ల మీద పట్టిన పాచి చూశారు కదా, ఎన్ని బిందెల నీళ్లు కుమ్మరించినా పోదు, గీకాల్సిందే. ఇదీ అంతే. ఒకసారి పొర కుదురుకుందంటే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా పైపైన కడిగిపోతుంది తప్ప లోపలికి దిగదు.

ఈ పని ఎక్కువగా చేసేది స్టెఫైలోకాకస్ జాతి. అదేదో ఆసుపత్రి గోడల్లో దాక్కున్న పురుగు కాదు. మన చర్మం మీద, మన ముక్కులోనే ఉంటుంది. మొదటిసారి మోకాలు మార్పించుకున్న నూరు మందిలో ఒకరిద్దరికి లోపల ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆ ఒక్కరు మీ ఇంట్లోవాళ్లయితే మాత్రం పెట్టిన చిప్ప తీసేయడం, మందు కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికంగా పెట్టడం, వారాల తరబడి ఇంజెక్షన్లు, మళ్లీ ఇంకో ఆపరేషన్. నెలల తరబడి మంచం.

కీలు తెరిచి ఉన్న గంటా గంటన్నరలోనే చాలావరకు ఈ కథ తేలిపోతుంది. బ్యాక్టీరియా వాలేసరికే మందు రక్తంలో, కండలో సిద్ధంగా ఉండాలి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 2,847 మంది రోగుల మీద చేసిన ఒక పరిశీలన 1992లో అచ్చయింది. అవి రకరకాల ఆపరేషన్లు. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు అందినవాళ్లలో గాయం చీము పట్టింది నూటికి 0.6 మందికే. అంతకన్నా ముందే ఇచ్చేసిన వాళ్లలో 3.8, కోత పెట్టి మూడు గంటలు దాటాక ఇచ్చిన వాళ్లలో 3.3. మందుల వాడకం అందరికీ ఉంది, గడియారం మాత్రం వేరు. మోకాలి విషయంలో ఇప్పుడు ఆ గడువును ఇంకా బిగించి గంటకు తెచ్చారు.

మూడు నెలల ముందు: మందుకు దారి చేయడం

తేదీ ఖాయం చేసుకునే ముందు ఒక సంగతి గుర్తు చేసుకోండి. ఆ మోకాలిలోకి ఎవరైనా సూది వేశారా? నొప్పి తట్టుకోలేక చాలామంది కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటారు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. కానీ ఆ సూదికీ ఆపరేషన్‌కూ మధ్య మూడు నెలలు తిరగకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. సర్జన్ అడగకపోయినా మీరే చెప్పండి. తేదీ వెనక్కి జరిగితే జరగనివ్వండి.

తర్వాత షుగరు. పొద్దున పరగడుపున చూసుకున్న ఒక్క అంకె చాలదు. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. చాలామంది సర్జన్లు అది 7.5 నుంచి 8 లోపు ఉంటేనే తేదీ ఇస్తారు. పత్తి ఏరుడు ముగిసి చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడే ఆపరేషన్ పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముడుపోయిన వారంలోనే వచ్చి కూర్చుంటారు. నేనైతే మిర్చి తోటలో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకొమ్మని చెప్తాను. అప్పుడు షుగరు దించుకోవడానికి వ్యవధి ఉంటుంది.

పాదాలను ఎవరూ చూడరు, నేను చూస్తాను. వరినాట్లలో రోజుల తరబడి నానిన కాళ్లకు వేళ్ల సందులు తెల్లగా పాచి చీలిపోతాయి. మడమల పగుళ్లలో మట్టి నల్లటి గీతలుగా దిగి ఉంటుంది. ఆ చీలికలు బ్యాక్టీరియాకు తెరిచిన తలుపులు. చర్మం డాక్టరుకు చూపించి మందు రాసి, పూర్తిగా మానాకే ఆపరేషన్. కాలి మీద పుండు ఉంటే ఇంక చెప్పనక్కర్లేదు, అది మానేదాకా ఆగాల్సిందే.

పుచ్చిన పన్ను, చీము పట్టిన చిగురు ఇప్పుడే చూపించుకోండి. చుట్ట, బీడీ, గుట్కా, అంబరు కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. పొగాకు వల్ల సన్నని రక్తనాళాలు ముడుచుకుని గాయానికి రక్తం అందదు. రోజూ కల్లో సారానో తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి, ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. కీళ్లవాతానికి మందులు వాడేవాళ్లు మెథోట్రెక్సేట్‌ను సొంతంగా ఆపకూడదు. అదే జబ్బుకు, రోగనిరోధక శక్తిని అణిచే బయోలాజికల్ సూదులు తీసుకునేవాళ్లకు మాత్రం ఆ సూది చక్రం చూసి తేదీ కుదురుస్తారు.

నెల ముందు: "పెన్సిలిన్ పడదు" అనే మాటను విప్పి చూడండి

ఈ మెట్టు దగ్గర కాస్త నిలబడాలి. పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఏ మందు వస్తుందో నిర్ణయించేది ఇదే.

మోకాలి మార్పిడికి మొదట ఎంచుకునే మందు సెఫజోలిన్. పాతది, చవకది. స్టెఫైలోకాకస్‌ను బాగా చంపుతుంది, ఎముకలోకీ కండలోకీ త్వరగా చేరుతుంది. మన దగ్గర సెఫ్యూరాక్సిమ్ కూడా వాడతారు, అదీ తగిన మందే. చాలాచోట్ల దీనికి బదులు సెఫ్ట్రియాక్సోన్, దానికి సల్బాక్టమ్ జోడించినవి, వాటి మీద మళ్లీ అమికాసిన్ కూడా రాస్తారు. పెద్ద మందు కదా, గట్టిగా పనిచేస్తుందని అనుకుంటాం. నిజానికి సెఫ్ట్రియాక్సోన్ ఎక్కువ రకాల బ్యాక్టీరియా మీద పనిచేసే మాట వాస్తవమే గానీ, మనకు కావాల్సిన స్టెఫైలోకాకస్ మీద సెఫజోలిన్‌దే పైచేయి. అమికాసిన్‌తో వయసు మళ్లినవాళ్ల కిడ్నీలకు ముప్పు అదనం. చేను కాయడానికి చేను ఎరిగిన మనిషి కావాలి, ఊరంతా తిరిగేవాడు కాదు.

"మా అమ్మకు పెన్సిలిన్ పడదు" అని ఎవరైనా అన్నారనుకోండి, వెంటనే కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాసేస్తారు. అక్కడితో సెఫజోలిన్ పోయి వాంకోమైసిన్ వస్తుంది, లేదా క్లిండామైసిన్. ఇవి రెండూ మామూలు రోగికి సెఫజోలిన్‌కు సరితూగవు. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిది మందికి నిజమైన అలర్జీ ఉండదు. పైగా సెఫజోలిన్ అణువుకు ఉన్న పక్క గొలుసు, అంటే అలర్జీని రేపే భాగం, పెన్సిలిన్ గొలుసును పోలి ఉండదు. అందుకని పెన్సిలిన్ పడనివాళ్లలో కూడా ఎక్కువమందికి ఇది ఇవ్వవచ్చు.

కాబట్టి ఇంట్లో కూర్చుని అమ్మను అడగండి. అప్పుడు ఏమైంది? వాంతి అయిందా, కడుపులో తిప్పిందా? అది అలర్జీ కాదు. సూది వేసిన గంటలోపు ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, మొహం ఉబ్బిందా, ఊపిరి ఆడలేదా? అది అలర్జీయే, మత్తు డాక్టరుకు తప్పకుండా తెలియాలి. వారం తర్వాత నోట్లో పుండ్లు పడి, చర్మం బొబ్బలెక్కి ఊడివచ్చిందా? అదైతే ఆ జాతి మందుల జోలికే పోకూడదు. ఏ మందు, ఏ ఏడు, ఎన్ని గంటలకు, ఏం కనిపించింది, ఎలా తగ్గింది అని ఒక కాగితం మీద రాసి పట్టుకురండి. చేతి మీద వేసే టెస్ట్ డోస్ బాగానే ఉన్నా ఈ కాగితం మాత్రం తప్పదు.

వారం ముందు

ముక్కులో స్టెఫైలోకాకస్ ఉందేమో దూదిపుల్లతో పరీక్ష చేసే ఆసుపత్రులు ఉన్నాయి. ఉంటే ముపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్‌ను రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు రెండు ముక్కు రంధ్రాల్లో రాసుకోవాలి, దాంతోపాటు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో స్నానం. మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం ఉందని తేలితే సెఫజోలిన్‌కు వాంకోమైసిన్ తోడు చేస్తారు. అది లేనివాళ్లకు కూడా రెండూ కలిపి ఇస్తే ఇంకా మంచిదేమో అని ఆస్ట్రేలియాలో నాలుగు వేలమందికి పైగా రోగుల మీద పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. లాభం కనిపించలేదు.

మూత్రంలో మంట, జ్వరం ఉంటే చికిత్స చేయించుకోవాలి. ఏ బాధా లేకుండా పరీక్షలో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే దానికి మందు అక్కర్లేదు. దగ్గు, జ్వరం, ఒంటి మీద సెగగడ్డ ఏది ఉన్నా ఆసుపత్రికి ముందే ఫోన్ చేయండి.

ముందు రాత్రి, ఆ పొద్దున

రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి సబ్బుతో తలనుంచి కాలిదాకా స్నానం. ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పటి. మోకాలికి నూనె, పసుపు, నొప్పి మలాం ఏదీ రాయొద్దు. కాలి వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయించకండి. మంగలిని పిలిపించి నున్నగా చేయించి తీసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్లేడు చేసిన సన్నటి గీతల్లో రాత్రికి రాత్రే బ్యాక్టీరియా పెరుగుతుంది. తీయాల్సి వస్తే మేమే క్లిప్పర్‌తో తీస్తాం.

బరువు మాత్రం తూకం మీద చూసుకోండి, అంచనాగా చెప్పకండి. సెఫజోలిన్ 120 కిలోల లోపువాళ్లకు 2 గ్రాములు, ఆ పైవాళ్లకు 3 గ్రాములు. సెఫ్యూరాక్సిమ్ అయితే 1.5 గ్రాములు. వాంకోమైసిన్‌ను కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకడతారు. అందరికీ ఒక్క గ్రామే అన్న పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తుంది. కేస్ షీట్‌లో బరువు పడిందో లేదో చూడండి.

థియేటర్‌లో ఆ గంట

ఇక్కడ మీరు ఉండరు. అందుకే లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను.

ఒక్కో గ్రాము సీసాలు రెండు. అడుగున తెల్లటి పొడి. రబ్బరు మూత మీద స్పిరిట్ దూది రుద్ది, సూది గుచ్చి, స్టెరైల్ నీళ్లు పోసి, సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తాను. పొడి కరిగి లేత పసుపు ఛాయలో తేటగా అవుతుంది. దాన్ని నరంలోకి మూడు నుంచి అయిదు నిమిషాలు నెమ్మదిగా ఇవ్వవచ్చు, లేదంటే సెలైన్‌లో కలిపి ఎక్కించవచ్చు. ఇవ్వగానే గోడ గడియారం చూసి బోర్డు మీద రాస్తాను: 8:35. కోత 9:35 దాటకూడదు.

తొడకు టూర్నికే అనే పట్టీ కడతారు. అది గాలితో బిగుసుకుంటే కాలికి రక్తం ఆగిపోతుంది, సర్జన్‌కు రక్తం అడ్డం రాకుండా ఉంటుంది. మందు రక్తంలోనే కదా ప్రయాణించేది. పట్టీ బిగిశాక సూది ఇస్తే చెయ్యి, గుండె, ఊపిరితిత్తులు అన్నింటికీ అందుతుంది, కోసే మోకాలికి తప్ప. అందుకే పట్టీ బిగించడానికి కనీసం పది నిమిషాల ముందే మందు మొత్తం లోపలికి పోవాలి. సగం బాటిల్ వేలాడుతుండగా పట్టీ బిగిస్తే ఆ మిగిలిన సగం ఆ కాలికి లేనట్టే.

నేను కొత్తగా చేరిన రోజుల సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు వేరే ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. వార్డులో పొద్దున ఎనిమిదింటికే సూది ఇచ్చి పంపారు. ముందున్న కేసు ఆలస్యమైంది. ఆ పెద్దమ్మ బయట స్ట్రెచర్ మీద పడుకుని దేవుణ్ణి తలచుకుంటూనే ఉంది. కోత పెట్టేసరికి 11:20. కేస్ షీట్‌లో "యాంటీబయాటిక్ ఇచ్చాం" అని టిక్కు ఉంది కాబట్టి ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు, నేను కూడా. సెఫజోలిన్ దాదాపు ప్రతి రెండు గంటలకు రక్తంలో సగానికి సగం పడిపోతుంది. అప్పటికి మూడో వంతు మిగిలి ఉంటుందేమో. ఆమెకు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ టిక్కు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. ఆ తర్వాత నా థియేటర్‌కు వచ్చే రోగికి వార్డులో సెఫజోలిన్ ఇవ్వనివ్వను. టేబుల్ మీదకు వచ్చాకే.

వాంకోమైసిన్ సంగతి వేరు. ఒక గ్రాము ఎక్కడానికి కనీసం గంట పడుతుంది. కోతకు రెండు గంటల ముందే వార్డులోనో, మత్తు గదిలోనో మొదలుపెట్టాలి. తొందరపడి వేగంగా ఎక్కిస్తే మొహం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది. అది వేగం వల్ల వచ్చేది. చుక్కల వేగం తగ్గిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. దాన్ని కూడా "పడదు" అని రాసేస్తే రేపు ఆ మందు అవసరమైనప్పుడు దారి మూసుకుపోతుంది.

ఆపరేషన్ సాగి, మొదటి మోతాదు ఇచ్చి నాలుగు గంటలైతే సెఫజోలిన్ మళ్లీ ఇవ్వాలి. ఒకటిన్నర లీటరు దాటి రక్తం పోయినా ఇవ్వాలి. లెక్క కోత నుంచి కాదు, మొదటి సూది నుంచి. రెండు మోకాళ్లూ ఒకే రోజు మార్పించుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. రెండో మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఎన్ని గంటలైందో ఎవరో ఒకరు బయటకు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతా జాబితాలో కోతకు ముందు అందరూ ఆగి అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి: గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా? మీరు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు "ఈ జాబితా మీ దగ్గర చదువుతారా, యాంటీబయాటిక్ టైమ్ ఎక్కడ రాస్తారు?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే నాకు ధైర్యం.

హోర్డింగుల మీద లామినార్ ఫ్లో థియేటర్ అని, అంటే వడగట్టిన గాలి ఒకే దిశలో వీచే థియేటర్ అని, పెద్ద అక్షరాలతో ఉంటుంది. 1960లలో ఇంగ్లండ్‌లో తుంటి మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ శుభ్రమైన గాలి మీద ఎంతో శ్రద్ధ పెట్టారు, ఆయన దగ్గర ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి కూడా. యాంటీబయాటిక్ వాడకం స్థిరపడ్డాక ఆ ప్రత్యేక గాలి వల్ల అదనపు లాభం తేలక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దాన్ని సిఫార్సు చేయలేదు. గాలి యంత్రం ఉంటే సంతోషమే. మాటిమాటికీ తలుపు తెరవకపోవడం, రోగి ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా కప్పడం, షుగరు 180 దాటకుండా చూడడం, సూది సమయానికి పడడం, ఇవి నాకు ఇంకా ముఖ్యం.

సిమెంటులో మందు

చిప్పను ఎముకకు అతికించే సిమెంటు పొడిలో జెంటామైసిన్ వంటి మందు కలిపి వస్తుంది. 1970 ప్రాంతంలో జర్మనీలో మొదలైన పద్ధతి ఇది. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి చెడిపోని మందులే దీనికి పనికొస్తాయి. మందు ఆ చోటే నెమ్మదిగా ఊరుతుంది. ఇది నరంలోకి ఇచ్చే సూదికి తోడు, బదులు కాదు. మీ సర్జన్ ఏది వాడుతున్నారో అడిగి రాసిపెట్టుకోండి.

మర్నాటికే ఆపడం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎన్ని రోజులు?

కుట్లు వేయడం పూర్తయ్యాక ఇంక ఇవ్వనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెప్తోంది. చాలామంది ఆర్థోపెడిక్ సర్జన్లు 24 గంటల వరకు, ఎనిమిది గంటలకొకసారి సెఫజోలిన్ ఇచ్చి ఆపుతారు. గాయంలో చేరే రక్తం బయటకు రావడానికి డ్రెయిన్ గొట్టం పెట్టారనో, మూత్రం గొట్టం ఉందనో పొడిగించడానికి ఆధారం లేదు.

అయినా డిశ్చార్జ్ చీటీలో అయిదు రోజుల గోలీలు, ఒక్కోసారి పది రోజులవి కనిపిస్తాయి. రాసేవాళ్ల భయం నాకు తెలుసు. రాయకపోతే, రేపు ఏదైనా అయితే "ఒక్క గోలీ కూడా ఇవ్వలేదు" అని బంధువులు నిలదీస్తారు. ఆ భయంలో మన వాటా కూడా ఉంది. కానీ మూసుకున్న గాయంలోకి గోలీ వల్ల కొత్తగా చేరే రక్షణ ఏమీ లేదు. చేరేవి విరేచనాలు, కిడ్నీల మీద భారం, నోట్లో పూత, అన్నిటికన్నా ఎక్కువగా మందుకు లొంగని బ్యాక్టీరియా. పేగుల్లో, చర్మం మీద ఉన్న మెత్తటి బ్యాక్టీరియా చచ్చి, మొండివి మిగులుతాయి. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే వచ్చేది ఆ మొండిదే.

అందుకే చీటీ చేతికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "సారు, ఈ యాంటీబయాటిక్ నివారణకా, చికిత్సకా?" నివారణకు అయితే 24 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. చికిత్సకు అయితే ఏ ఇన్ఫెక్షన్‌కు, ఏ పరీక్షలో తేలిందో చెప్పాలి. బాగా ముప్పు ఉన్న కొద్దిమందికి, అంటే అదుపులేని షుగరు, విపరీతమైన ఊబకాయం వంటివి ఉన్నవాళ్లకు, వారం రోజుల గోలీలు ఇవ్వాలనే సర్జన్లు ఉన్నారు. దాని మీద వాళ్లలో వాళ్లకే వాదం నడుస్తోంది. మీకు అలా రాస్తే కారణం చెప్పించుకోండి. చీటీలో ఉన్నదాన్ని చెప్పాపెట్టకుండా మానేయకండి, అడిగి ఆపించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, నొప్పి మందు వేరు, అవి ఆపకూడదు.

ఇంట్లో మొదటి మూడు వారాలు

మా పెద్దమ్మది జనగామ దాటాక ఒక పల్లె. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వెళ్లాక ఎనిమిదో రోజున కుట్ల కింది కొసన తడి కనిపించింది. రాత్రి పడుకుని లేస్తే దుప్పటి మీద రూపాయి బిళ్లంత మరక, చుట్టూ లేత పసుపు అంచు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి చూసి, అయిదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ సూదులు, తర్వాత అయిదు రోజులు గోలీలు ఇచ్చాడు. తడి తగ్గింది, మళ్లీ వచ్చింది. నాకు ఫోన్ వచ్చేసరికి నెల దాటింది.

"చిన్న తడే గద బిడ్డా, నిన్ను పరేషాన్ చేసుడు ఎందుకనుకున్న" అంది.

కీలు నుంచి నీరు తీసి ల్యాబుకు పంపితే ఏ బ్యాక్టీరియా పెరగలేదు. లేదని కాదు. పది రోజుల మందు దాన్ని చంపలేదు గానీ ల్యాబులో పెరగకుండా దాచింది. ఏ పురుగో తెలియకుండా ఏ మందు ఇవ్వాలి? చివరికి చిప్ప తీసి, మందు దిమ్మె పెట్టి, ఆరు వారాల ఇంజెక్షన్ల తర్వాత మళ్లీ మార్చారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. బతుకమ్మ ఆడే చోట అరుగు మీద కూర్చుని చప్పట్లు కొడుతుంది. తడి కనిపించిన మొదటి రోజే సర్జన్ చేతిలో పడి ఉంటే కీలు తెరిచి కడిగి, చిప్ప తీయకుండా కాపాడే అవకాశం బాగా ఉండేది. ఆ అవకాశం తొలి మూడు నాలుగు వారాలే ఎక్కువ.

ఆర్‌ఎంపీని తిట్టడానికి ఇది రాయలేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. ఆయనకు మీరే ముందుగా చెప్పండి: డ్రెస్సింగ్ మార్చు, జ్వరం చూడు, ఆపరేషన్ కాలికి యాంటీబయాటిక్ మాత్రం సర్జన్ చెప్పకుండా వద్దు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే దారి కూడా చట్టప్రకారం లేదు. సెఫ్ట్రియాక్సోన్ వంటివి 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకునే అమ్మాలి.

మొదటి రెండు మూడు రోజులు కొద్దిపాటి జ్వరం మామూలే. మోకాలు వెచ్చగా, ఉబ్బుగా వారాల తరబడి ఉండటమూ మామూలే. మామూలు కానివి ఇవి: అయిదు రోజులు దాటినా పట్టీ తడవడం, ఎండిన గాయం మళ్లీ తడవడం, ఎరుపు రోజురోజుకూ పాకడం, తగ్గుతున్న నొప్పి తిరగబెట్టడం, చలితో జ్వరం. ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ రాసి ఫొటో తీయండి. మర్నాడు గీత దాటితే బయల్దేరండి. గోలీలు వేసి చూద్దాం అని ఫోన్‌లో ఎవరు చెప్పినా, "ముందు నీరు తీసి పరీక్షకు పంపుతారా సారు?" అని అడగండి.

కుట్లు సాధారణంగా రెండు వారాలకు తీస్తారు. గాయం పూర్తిగా మూసుకునేదాకా చెరువు, బావి, వాగు స్నానాలు వద్దు. మేడారం జాతర ఆ నెలలోనే పడి, జంపన్నవాగులో మునగాలని మొక్కు ఉన్నా సరే, ఈసారికి నెత్తిన నీళ్లు చల్లుకుని రండి. పసరు, పసుపు, వేపాకు ముద్ద ఏదీ కుట్ల మీద పెట్టొద్దు.

ఏళ్ల తర్వాత కూడా

ఒంట్లో ఇంకెక్కడో ఉన్న బ్యాక్టీరియా రక్తం ద్వారా వచ్చి చిప్ప మీద వాలవచ్చు. కాలిపుండు, పంటి చీము, మూత్రంలో మంటతో జ్వరం, సెగగడ్డ, వీటిని నాన్చకుండా వెంటనే చికిత్స చేయించండి. పళ్లు శుభ్రం చేయించుకున్న ప్రతిసారీ ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలని పాత సలహా ఒకటి ఉంది. ఇప్పుడు మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు అది అక్కర్లేదంటున్నారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు సర్జన్‌ను అడగాలి.

చిప్ప కంపెనీ పేరు, ఆపరేషన్ తేదీ, వాడిన యాంటీబయాటిక్, పడని మందులు, సర్జన్ నంబరు ఒక కార్డు మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పెట్టండి. అయిదేళ్లకో పదేళ్లకో బాగున్న మోకాలు ఉన్నట్టుండి జ్వరంతో పాటు ఉబ్బిందంటే ఆ రోజే, ఏ మందూ వేసుకోకుండా, ఆ కార్డు పట్టుకుని ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి వెళ్లాలి. నొప్పి తగ్గిస్తానని ఎవరన్నా సరే, మార్చిన మోకాలిలోకి మాత్రం సూది వేయనివ్వకండి. ఆ కీలులో సూది దిగాల్సింది పరీక్షకు నీరు తీయడానికే, అదీ థియేటర్‌లో, శుభ్రంగా, సర్జన్ చేత్తో.